ఇంటి నుంచి 220 మీటర్ల దూరంలో ఉన్న షెడ్డుకు వైఫై నిలకడగా అందాలంటే?

గట్టుమీద:
ఇంట్లో 100 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్ ఉంది. పొలంలో పశువుల కొట్టం, మోటారు గది ఒకే రేకుల షెడ్డులో ఉన్నాయి. డాబా మీద నిలబడితే షెడ్డు పైకప్పు కనిపిస్తుంది. మధ్యలో మొక్కజొన్న వేసే చేను, ఒక పక్కగా చెట్ల వరస. షెడ్డులో కరెంటు ఉంది. అక్కడ నాలుగు కెమెరాలు, మోటారు ఆన్-ఆఫ్ చేసే వైఫై స్విచ్, ఒకటి రెండు ఫోన్లు పనిచేస్తే చాలు. రిపీటర్ పెట్టాం. సిగ్నల్ గీతలు నిండుగానే ఉంటాయి గానీ కెమెరాలు పదే పదే ఆగిపోతున్నాయి. ఇంతకంటే పెద్ద రిపీటర్ తీసుకోవాలా, కేబుల్ లాగాలా, వేరే పద్ధతి ఉందా?

డీబీఎం:
పెద్ద రిపీటర్ జోలికి వెళ్లకండి. మీకు కనిపించే గీతలు ఫోన్‌కీ రిపీటర్‌కీ మధ్య ఉన్న సిగ్నల్‌వి. రిపీటర్‌కి ఇంటి రౌటర్ ఎలా అందుతోందో అవి చెప్పవు. పైగా మామూలు రిపీటర్ ఒకే రేడియోతో ఇటు విని అటు చెబుతుంది కాబట్టి వేగం సగానికి పడిపోతుంది.

మీకు కావాల్సింది పాయింట్-టు-పాయింట్ లింకు. ఆరుబయట పెట్టే 5 గిగాహెర్ట్జ్ రేడియోలు రెండు: ఒకటి డాబా మీద, ఒకటి షెడ్డు దగ్గర, ఎదురెదురుగా. టీపీ-లింక్ సీపీఈ510, యుబిక్విటీ నానోస్టేషన్ 5ఏసీ లోకో లాంటివి ఈ దూరానికి సరిపోతాయి. రెంటికీ 13 డీబీఐ (సిగ్నల్‌ను ఒకవైపుకు గురిపెట్టే బలానికి కొలత) యాంటెన్నా లోపలే ఉంటుంది. రెండు చివర్లా ఒకే కంపెనీ, ఒకే మోడల్ వాడండి. డిష్ రకం పెద్ద యాంటెన్నాలు ఇక్కడ అనవసరం. సిగ్నల్ మరీ ఎక్కువై రిసీవర్ ఉక్కిరిబిక్కిరవుతుంది, గాలికి స్తంభం కాస్త ఊగినా గురి తప్పుతుంది.

లెక్క చూడండి. 220 మీటర్లలో 5.5 గిగాహెర్ట్జ్ దగ్గర గాలిలో పోయేది సుమారు 94 డీబీ. పంపే పవర్ 20 డీబీఎం (సిగ్నల్ బలానికి కొలత, సున్నా కిందికి ఎంత పోతే అంత బలహీనం), రెండు యాంటెన్నాలు కలిపి 26. అంటే అవతల -48 డీబీఎం దగ్గర అందాలి. -45 నుంచి -60 మధ్య ఉంటే నిశ్చింత. -65 కంటే కిందికి పోతే పరికరాన్ని అనుమానించే ముందు గురినీ అడ్డాన్నీ చూడండి.

అసలు సంగతంతా ఎత్తులోనే ఉంది. కంటికి కనిపిస్తే చాలదు. రెండు రేడియోల మధ్య గీత చుట్టూ కోడిగుడ్డు ఆకారంలో కొంత ఖాళీ ఉండాలి, దాన్ని ఫ్రెనెల్ జోన్ అంటారు. మీ దూరానికి నట్టనడుమ దాని వ్యాసార్థం సుమారు 1.7 మీటర్లు, అందులో కనీసం 60 శాతం, అంటే గీతకు కిందా పక్కలా మీటరు ఖాళీగా ఉండాలి. మొక్కజొన్న మూడు మీటర్ల దాకా పెరుగుతుందనుకుంటే గీత నేల నుంచి నాలుగు మీటర్ల పైన పోవాలి. నేల చదునుగా ఉంటే రెండు చివర్లా ఐదు మీటర్లు పెట్టుకోండి. పంట లేనప్పుడు బిగించి, బాగుందని వదిలేస్తే కంకి వేసే వేళకు లింకు పడిపోతుంది.

చెట్ల గుండా పంపే ఆలోచన వద్దు. ఆకులు 5 గిగాహెర్ట్జ్‌ను బాగా మింగేస్తాయి, తడి ఆకులు మరీను. స్తంభాన్ని నాలుగడుగులు పక్కకు జరిపితే చెట్టు తప్పుతుందేమో ముందు చూడండి. కొమ్మలు కొట్టడం తాత్కాలికమే, మళ్లీ పెరుగుతాయి.

రేడియోను రేకుల కింద పెట్టకూడదు, రేకు సిగ్నల్‌ను ఆపేస్తుంది. షెడ్డు బయట జీఐ పైపుకు బిగించి, అక్కడి నుంచి కేబుల్‌తో లోపలికి తెచ్చి, లోపల విడిగా ఒక యాక్సెస్ పాయింట్ (ఫోన్లకు వైఫై పంచే పెట్టె) పెట్టండి. కెమెరాలను వైఫై మీద వదలకుండా నెట్‌వర్క్ స్విచ్‌కు (కేబుళ్లను కలిపే పెట్టె) కేబుల్‌తో కలిపితే సగం తలనొప్పి పోతుంది.

సెట్టింగులు పైకెక్కక ముందే బల్ల మీద చేసుకోండి, పవర్ తగ్గించి, రెంటినీ కొన్ని మీటర్ల ఎడంగా ఉంచి. ఇంటి వైపుది యాక్సెస్ పాయింట్ మోడ్, షెడ్డు వైపుది క్లయింట్ లేదా స్టేషన్ మోడ్, రెండూ బ్రిడ్జ్‌లో (రెండు వైపులనూ ఒకే నెట్‌వర్క్‌గా కలిపే పద్ధతి). డబ్ల్యూడీఎస్ ఆప్షన్ (ఈ బ్రిడ్జ్‌కు తోడ్పడే సెట్టింగ్) ఉంటే రెండు వైపులా ఆన్ చేయండి. రౌటర్ అడ్రస్ 192.168.1.1 అయితే చివరి అంకె మార్చి రేడియోలకు .2, .3, షెడ్డు యాక్సెస్ పాయింట్‌కు .4 ఇవ్వండి, రౌటర్ తనంతట తాను అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ పరిధికి బయట. షెడ్డులో పాత రౌటర్‌నే వాడుతుంటే దాని డీహెచ్‌సీపీ ఆపేసి, కేబుల్‌ను వ్యాన్ పోర్టుకు (ఇంటర్నెట్ లైను పెట్టేది) కాక ల్యాన్ పోర్టుకు పెట్టండి. దేశం సెట్టింగ్ సరిగ్గా ఎంచుకోండి, అనుమతించిన ఛానళ్లు, పవర్ దాన్ని బట్టే ఉంటాయి.

నాలుగు కెమెరాలు ఒక్కోటి 4 ఎంబీపీఎస్ అనుకున్నా 16 మాత్రమే. కాబట్టి ఛానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ చాలు. 80 పెడితే చుట్టుపక్కల రొదంతా మోయాలి. ఛానల్‌ను ఆటోలో వదలకండి. 52 నుంచి 144 దాకా ఉన్న డీఎఫ్ఎస్ (రాడార్లతో పంచుకునే) ఛానళ్లలో రాడార్ జాడ తగిలితే రేడియో ఛానల్ ఖాళీ చేసి, కొత్తచోట కనీసం నిమిషం విన్నాకే మొదలుపెట్టవచ్చు. ఉన్నట్టుండి నిమిషం పాటు లింకు పోయి తిరిగొస్తుంటే ముందు అనుమానించాల్సింది ఇదే.

గురి పెట్టేటప్పుడు ఒక చివర కదపకుండా, రెండోదాన్ని కాస్త కాస్త తిప్పుతూ రేడియో పేజీలో డీబీఎం చూడండి. ఎడమకూ కుడికీ సిగ్నల్ పడిపోయేదాకా తిప్పి, నడిమధ్యకు తేవాలి. తర్వాత రెండో చివర. రెండు చైన్ల (రేడియో లోపలి రెండు సిగ్నల్ దారుల) మధ్య తేడా 3 డీబీ దాటితే రేడియో వంకరగా ఉందో, ఏదో పాక్షికంగా అడ్డొస్తోందో చూడండి.

గాజుతీగ:
లింకు మంచిదే. కానీ పైపులైను కోసమో దేనికో ఎలాగూ కందకం తవ్వే పని ఉంటే అందులోనే ఫైబర్ వేసేయండి. మామూలు ఈథర్నెట్ కేబుల్‌కు 100 మీటర్లే హద్దు. పైగా రెండు భవనాల మధ్య రాగి తీగ పిడుగు ఉప్పెనను (ఉన్నట్టుండి ఎగసే వోల్టేజీని) ఇంట్లోకి మోసుకొస్తుంది. ఫైబర్‌కు ఆ రెండు చిక్కులూ లేవు, లోహపు కవచం లేని రకం తీసుకుంటే.

సింగిల్ మోడ్ రకం ఫైబర్, కనీసం 4 కోర్లు (లోపలి గాజు తీగలు). రెండే చాలు గానీ ఒకటి తెగితే మళ్లీ తవ్వక్కర్లేదు. 32 మిల్లీమీటర్ల హెచ్‌డీపీఈ పైపులో వేయండి, ఎలుకల నుంచి అదే కాపాడుతుంది. నాగలి అందనంత లోతు, కనీసం 60 సెంటీమీటర్లు, వీలైతే గట్టు వెంబడి. పైపులో లాగుడు తాడు ఒకటి వదిలేయండి. పైన సగం లోతులో హెచ్చరిక టేపు పరవండి. రెండు చివర్లా ఐదేసి మీటర్లు చుట్ట చుట్టి ఉంచండి, మళ్లీ స్ప్లైసింగ్ (ఫైబర్ అతకడం) చేయాలంటే అదే ఆధారం. ఒకే కోర్ మీద నడిచే మీడియా కన్వర్టర్లు (ఫైబర్‌ను ఈథర్నెట్‌గా మార్చే పెట్టెలు) కొంటే ఒకటి ఏ రకం, ఇంకొకటి బీ రకం ఉండాలి. రెండూ ఒకే రకమైతే లింకు లైటు వెలగదు.

గట్టుమీద:
ఇప్పట్లో తవ్వే వీలు లేదండీ, రేడియోలే పెడతాను. రెండు సందేహాలు. మోటారు ఆన్ చేసినప్పుడు షెడ్డులో లైట్లు మసకబారతాయి, రేడియోకు ఇబ్బందా? పిడుగుల సంగతేంటి?

ఎర్తుకడ్డీ:
ఇబ్బందే. మోటారు స్టార్టయ్యే క్షణంలో వోల్టేజీ కుంగితే అడాప్టర్లు రీసెట్ అవుతాయి, రేడియో మళ్లీ లేచేసరికి నిమిషం పైనే పట్టవచ్చు. రేడియో, యాక్సెస్ పాయింట్, చిన్న స్విచ్ కలిపి 20 వాట్ల లోపే. చిన్న డీసీ యూపీఎస్ పెడితే తీరిపోతుంది. కొనే ముందు వోల్టేజీ సరిపోల్చుకోండి. ఈ రేడియోలు ఎక్కువగా 24 వోల్టుల ప్యాసివ్ పీఓఈతో (నెట్‌వర్క్ కేబుల్‌లోనే, పరికరాన్ని సరిచూడకుండా కరెంటు పంపే పద్ధతి) నడుస్తాయి, కెమెరాల స్విచ్ ఇచ్చేది 48 వోల్టుల పీఓఈ. ప్రమాణాల ప్రకారం నడిచే స్విచ్ అయితే రేడియో వెలగదు, అంతే. ప్యాసివ్ 48 వోల్టులు తగిలితే మాత్రం కాలిపోతుంది. రేడియోతో వచ్చిన ఇంజెక్టర్‌నే (కేబుల్‌లోకి కరెంటు ఎక్కించే అడాప్టర్) వాడండి.

షెడ్డులో వీటికి విడిగా ఎంసీబీ. నెట్‌వర్క్ కేబుల్‌ను మోటారు కేబుల్ పక్కనే కట్టవద్దు, ఓ అడుగైనా ఎడం ఉంచి, దాటాల్సిన చోట అడ్డంగా దాటించండి. డ్రైవ్‌తో (వేగాన్ని మార్చే పరికరం) నడిచే మోటారు అయితే ఈ జాగ్రత్త రెట్టింపు.

పిడుగు నేరుగా పడితే ఏ పరికరమూ ఆపలేదు. దగ్గర్లో పడ్డప్పుడు వచ్చే ఉప్పెనకు మాత్రం దారి చూపవచ్చు. కేబుల్ భవనంలోకి వచ్చే చోట ఈథర్నెట్ సర్జ్ ప్రొటెక్టర్, రెండు భవనాల్లోనూ. దాన్నీ, స్తంభాన్నీ ఆ భవనపు కరెంటు ఎర్తుకే కలపండి. పక్కన వేరే కడ్డీ పాతి వదిలేస్తే రెండు ఎర్తుల మధ్య పుట్టే వోల్టేజీ మీ పరికరాల గుండానే పోతుంది.

కేబుల్ ఆరుబయటి నల్లరకం, షీల్డు ఉన్నది, పూర్తి రాగిది. రాగి పూత పూసిన అల్యూమినియం చవకగా వస్తుంది గానీ పొడవు పెరిగేకొద్దీ పీఓఈ వోల్టేజీని తినేస్తుంది, మడిచిన చోట పుటుక్కున తెగుతుంది. గోడలోకి వెళ్లే ముందు కేబుల్‌ను కిందికి వంపు తిప్పితే నీళ్లు అక్కడే కారిపోతాయి. రంధ్రాలు సీలు చేయండి, లేకపోతే చీమలు కాపురం పెడతాయి.

ఇంకోటి: మోటారుకు డ్రై రన్ (నీళ్లు లేకుండా తిరగడం), ఓవర్‌లోడ్ రక్షణ స్టార్టర్ ప్యానెల్‌లోనే ఉండాలి, ఆపే టైమర్ కూడా. లింకు పోయినప్పుడు ఫోన్‌తో ఆపలేరు. ఆ వైఫై స్విచ్ 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే పట్టుకునే రకం కావచ్చు, షెడ్డు యాక్సెస్ పాయింట్‌లో ఆ బ్యాండ్ ఆపకండి. స్విచ్ మోటారును నేరుగా మోయకూడదు, మోటారు కరెంటును మోసే కాంటాక్టర్ కాయిల్‌ను మాత్రమే నడపాలి.

డీబీఎం:
ఎర్తుకడ్డీ గారు చెప్పినదానికి ఒక్కటి కలుపుతాను. సమస్య వచ్చినప్పుడు ఇంటి నుంచి .1, .2, .3, .4 వరసగా పింగ్ చేయండి (పరికరం పలుకుతుందో లేదో చూసే పరీక్ష). .2 పలకకపోతే ఇంటి వైపు ఇంజెక్టరో కేబులో. .2 పలికి .3 పలకకపోతే గాలిలో లింకు పోయింది, లేదా షెడ్డు రేడియోకు కరెంటు లేదు. .3 పలికి .4 పలకకపోతే షెడ్డు లోపలి కేబులో స్విచ్చో. అన్నీ 5 మిల్లీసెకన్లలోపు పలుకుతూ కెమెరాలు మాత్రం ఆగుతుంటే లోపం లింకులో లేదు, కెమెరాల వైపో రికార్డర్ వైపో వెతకండి.

వానలో మాత్రమే పడిపోతే వాన మీద నెట్టేయకండి. 220 మీటర్లలో 5 గిగాహెర్ట్జ్‌కు వాన చేసే నష్టం లెక్కలోకి రాదు. కనెక్టర్లోకి నీరు దిగిందో, దారిలో ఆకులు తడిశాయో అయి ఉంటుంది.