అప్‌డేట్: ట్యూబ్ గిటార్ యాంప్‌లో హమ్ పోయింది, తేడా హీటర్ వైరింగ్‌లోనే

ఇంట్లో కట్టుకున్న ట్యూబ్ యాంప్‌లో (ట్యూబులు 12ఏఎక్స్7, ఈఎల్84) గిటార్ తీసేసినా హమ్ (స్పీకర్‌లో ఆగకుండా వచ్చే గుయ్యిమనే శబ్దం) ఆగడం లేదని ఇక్కడ అడిగాను కదా, ఇప్పుడు పోయింది. సాయం చేసిన అందరికీ చాలా థాంక్స్.

హమ్ 50 హెర్ట్జా, 100 హెర్ట్జా ముందు చూడమన్న సలహానే దారి చూపింది. ఫోన్‌లో స్పెక్ట్రమ్ యాప్ పెడితే 50 దగ్గరే, అంటే మెయిన్స్ కరెంటు ఫ్రీక్వెన్సీ దగ్గరే, కనిపించింది. ఫుల్‌వేవ్ రెక్టిఫయర్ (ఏసీని డీసీగా మార్చే భాగం) ఉన్నప్పుడు, ఆ డీసీలో హెచ్చుతగ్గులు తీసే ఫిల్టర్ కెపాసిటర్ల లోపమైతే 100 రావాలి. అందుకే కొత్త కెపాసిటర్లు వేసినా మార్పు రాలేదు. కేబుల్, ఇంటి ఎర్తింగ్ కూడా బాగానే ఉన్నాయి.

కర్నూలులో పాత రేడియోలు బాగుచేసే ఒక పెద్దాయన విషయం పట్టుకున్నారు. ట్రాన్స్‌ఫార్మర్‌లో ట్యూబులను వేడిచేసే హీటర్లకు ఏసీ ఇచ్చే 6.3 వోల్టుల వైండింగ్‌కు సెంటర్ ట్యాప్ (మధ్య నుంచి తీసిన వైరు) లేదు, హీటర్లకు గ్రౌండ్‌తో సంబంధమే లేదు. ఆ 50 హెర్ట్జ్ హమ్ అక్కడి నుంచే వచ్చింది. రెండు హీటర్ వైర్ల నుంచీ గ్రౌండ్‌కు చెరొక 100 ఓమ్‌ల అర వాట్ రెసిస్టర్ వేశారు. ఆ వైర్లను గట్టిగా మెలిపెట్టి, గ్రిడ్ వైర్లకు (ట్యూబులకు సిగ్నల్ తెచ్చేవి) దూరంగా చాసిస్ (లోహపు పెట్టె) మూలవెంట నడిపారు. ఎంత ఓపికగా చేశారో! ఇప్పుడు వాల్యూమ్ పూర్తిగా పెంచితే కాస్త హిస్ (బుసలాంటి శబ్దం) తప్ప ఏమీ లేదు.

మీ వైండింగ్‌కు సెంటర్ ట్యాప్ ఉండి, అది గ్రౌండ్ అయి ఉంటే ఈ రెసిస్టర్లు వేయకండి. ప్లగ్ తీశాక కూడా కెపాసిటర్లలో 300 వోల్టులు మిగిలి ఉండొచ్చు, డిశ్చార్జ్ చేసి మీటర్‌తో చూశాకే చేయి పెట్టండి.