నీళ్లు పెరిగితే శ్రుతి పెరగాలా, తగ్గాలా?

ప్రశ్న:
ఎనిమిదో తరగతికి ధ్వని పాఠం చెబుతూ, ఒకే కొలత గల ఐదు గాజు గ్లాసుల్లో వేర్వేరు మట్టాలకు నీళ్లు పోసి, పిల్లల చేత స్టీలు చెంచాతో తట్టించాను. నీళ్లు ఎక్కువున్న గ్లాసు మంద్రంగా, తక్కువున్నది కీచుగా మోగింది. ఇంతలో ఒక అమ్మాయి తన నీళ్ల సీసా మూతి మీద ఊది, రెండు గుక్కలు తాగి మళ్లీ ఊది, "నాకు తిరగబడి వస్తోందండీ, నీళ్లు తగ్గితే స్వరం దిగుతోంది" అంది. సూత్రాల జోలికి పోకుండా ఈ తేడాను ఎలా వివరించాలి?

జవాబు 1:
రెండు చోట్లా కంపించే వస్తువు ఒకటి కాదండీ. గ్లాసును తట్టినప్పుడు కంపించేది గాజు గోడ. దాన్ని అంటి ఉన్న నీళ్లను కూడా కదిలించాల్సి రావడంతో, నీళ్లు పెరిగేకొద్దీ బరువు పెరిగి కంపనాలు నెమ్మదిస్తాయి. ఊదినప్పుడు కంపించేది లోపలి గాలి. నీళ్లు పెరిగితే దానికి చోటు తగ్గి కంపనాలు వేగం పుంజుకుంటాయి. ఒకే గాజు సీసాను ముందు తట్టి, తర్వాత ఊది చూపించండి. తట్టిన వెంటనే సీసాను అరచేత్తో పట్టుకుంటే మోత ఆగిపోతుంది. కంపించేది గాజేనని పిల్లల చేతికే తెలుస్తుంది.

జవాబు 2:
ఊదడానికి సీసా కన్నా పరీక్షనాళిక నయం, ఎందుకంటే సన్నటి మెడ ఉన్న సీసాలో లెక్క చిక్కుపడుతుంది. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 343 మీటర్లు. నాళికలో 17 సెంటీమీటర్ల గాలి ఉంటే సెకనుకు దాదాపు 500 కంపనాలు, సగం వరకు నీళ్లు పోస్తే దాదాపు 1000 వస్తాయి. అంటే స్వరం ఒక స్థాయి (కింది స నుంచి పై స వరకు) పైకి పోతుంది. సంగీతం నేర్చుకునే పిల్లలుంటే ఇట్టే పట్టేస్తారు.

జవాబు 3:
గ్లాసులో జరిగిందే మృదంగంలోనూ జరుగుతుంది. కచేరీకి ముందు ఎడమ ముఖం మధ్యలో తడి రవ్వ ముద్ద అద్దేది, ఆ బరువుతో నాదాన్ని మంద్రానికి దించడానికే. కుడి ముఖం మీది నల్లటి పూత పని మాత్రం వేరు. దానివల్ల చర్మపు వాయిద్యంలో కూడా తీగ వాయిద్యంలోలాగా శ్రుతికి కలిసే అనుస్వరాలు (అసలు స్వరంతో పాటే మోగే పై స్వరాలు) ఎలా పుడతాయో సి. వి. రామన్ 1920లో వివరించారు.

ప్రశ్న అడిగినవారు:
ఒకే సీసాతో ఈరోజే చేయించాను. తట్టడం, ఊదడం మీద తరగతి రెండు జట్లుగా చీలి, మీ నీళ్లు ఎక్కువ, మా నీళ్లు తక్కువ అని వాదించుకుని, చివరికి సీసా ఒక్కటేనని గుర్తొచ్చి నవ్వుకున్నారు. ఒక గ్లాసు అంచు మాత్రం చెంచా దెబ్బకు పగిలింది. చేయించేవారు చెంచాకు బదులు పెన్సిలు ఇవ్వండి. రవ్వ ముద్ద ఎంత మందంగా అద్దాలో మూడో జవాబు రాసినవారు చెప్పగలరా? మా వీధి భజన మందిరంలో మృదంగం ఉంది, అడిగి తెస్తాను.