మయన్మార్ సరిహద్దులో క్యూఆర్ పాస్: అవసరమా, అన్యాయమా?

వంశధార (విశాఖ):
మా తాతగారు రంగూన్ నుంచి తిరిగొచ్చినవారు. అందుకే అటువైపు వార్తలు వదలకుండా చూస్తుంటాను. మయన్మార్‌తో మనకు 1,643 కిలోమీటర్ల సరిహద్దు ఉంది. ఇదివరకు గీతకు అటూ ఇటూ 16 కిలోమీటర్లలో ఉండేవాళ్ళు వీసా లేకుండా వచ్చి రెండు వారాలు ఉండేవారు. 2024 ఫిబ్రవరిలో కేంద్రం ఈ పద్ధతి ఎత్తేస్తామంది. డిసెంబరుకల్లా దాన్ని 10 కిలోమీటర్లకు కుదించి, వేలిముద్రలు తీసుకుని క్యూఆర్ కోడ్ పాస్ ఇవ్వాలని నిర్ణయించింది. గడువు ఏడు రోజులే. ఇది సరైనదేనా?

గోదారి బిడ్డ:
ముమ్మాటికీ సరైనదే. మిజోరం సరిహద్దులోని చంఫాయి వైపు హెరాయిన్, మత్తుమాత్రలు ఎంతగా పట్టుబడుతున్నాయో చూడండి. మణిపూర్ 2023 మే నుంచి జాతి ఘర్షణలతో తగలబడింది. బ్యాంకు ఖాతాకే ఆధార్ అడుగుతారు, దేశంలోకి వచ్చేవాళ్ళను అడగొద్దా?

ఓరుగల్లు:
గోదారి బిడ్డ గారూ, లెక్క ఉండాలన్న మాట నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ పాస్ చూపించేది ఎవరు? గేటు దగ్గరికొచ్చి నిలబడేవాళ్ళు. మత్తుమందు మోసేవాడు గేటు దగ్గరికి ఎందుకొస్తాడు? ఆ కొండల్లో కంచె లేని దారులు కోకొల్లలు.

పైగా గీతకు రెండువైపులా ఉన్నది చుట్టాలే. మిజోరంలో జోఖావ్తర్ దగ్గర తియావ్ అనే ఏరే సరిహద్దు. వంతెన దాటి కొన్ని కిలోమీటర్లు పోతే రిహ్ దిల్ సరస్సు. చనిపోయినవాళ్ళ ఆత్మలు దాని మీదుగానే పరలోకం చేరతాయని మిజోల పాత నమ్మకం. మిజోరంలో అతిపెద్ద సరస్సు మయన్మార్‌లో ఉందని అక్కడ చెప్పుకుంటారు. ఇక నాగాలాండ్‌లోని లాంగ్వాలో సరిహద్దు గీత ఊరి పెద్ద ఇంటి మధ్యలోంచే పోతుంది.

నన్ను ఎక్కువ బాధపెట్టేది కాగితాల సంగతి. 2021లో మయన్మార్ సైన్యం అధికారం లాక్కున్నాక, మిజోరం పక్కనే అటువైపున్న చిన్ రాష్ట్రంలో చాలా భాగం దాని చేతుల్లోంచి జారిపోయింది. ఫలానా ఊరివాడని రాసిచ్చే ఆఫీసే లేనిచోట, పాస్ కోసం నివాస ధ్రువీకరణ తెమ్మంటే ఎక్కణ్ణుంచి తెస్తారు? ఊరు 12 కిలోమీటర్ల దూరంలో ఉంటే అసలు పాసే రాదు. అటు ఇచ్చిన కూతురు కాన్పుకు పుట్టింటికొస్తే ఏడు రోజుల్లో తిరిగి పోవాలి. మన ఇళ్ళలో బాలింతను వారానికే పంపించేస్తామా? మిజోరం, నాగాలాండ్ శాసనసభలు 2024లోనే దీన్ని వ్యతిరేకిస్తూ తీర్మానాలు చేశాయి.

గోదారి బిడ్డ:
మణిపూర్ అప్పటి ముఖ్యమంత్రే ఈ రాకపోకలు ఆపమని అడిగారు కదండీ, వాళ్ళ భయం భయం కాదా? అయినా పాత రెండు వారాలు మాత్రం బాలింతకు సరిపోయేవా?

ఓరుగల్లు:
మణిపూర్ లోయలో ఉన్నవాళ్ళ భయాన్ని నేను తీసిపారేయను. రెండు వారాలు చాలవన్నది కూడా నిజమే. నేనడిగేది పాస్ రద్దు చేయమని కాదు. 16 కిలోమీటర్లు తిరిగి ఇవ్వాలి. కాన్పు, జబ్బు, చావు ఉన్న ఇంటికి వచ్చినవాళ్ళకు గడువు అక్కడికక్కడే పొడిగించాలి. కాగితం లేనివాళ్ళకు ఇటువైపు గ్రామ మండలి పూచీ సరిపోవాలి. వేలిముద్రలు ఎలాగూ తీసుకుంటున్నారు. మనిషెవరో తెలిశాక, తల్లి దగ్గర ఒక నెల ఉంటే దేశ భద్రతకు వచ్చే నష్టమేమిటో మీరే చెప్పండి.