భోగి మంట, జనవరి ఎండలు: టార్నీట్‌కి కొత్తగా వచ్చిన కుటుంబానికి

టార్నీట్ నుంచి, కొత్త సభ్యుడు:

అందరికీ నమస్కారం. మేం ఈ మధ్యే హైదరాబాద్ నుంచి మెల్‌బోర్న్ వచ్చాం. టార్నీట్‌లో కొత్త ఎస్టేట్‌లో ఇల్లు అద్దెకు తీసుకున్నాం. మా వీధి చివర ఫెన్సింగ్, దాని అవతల కనుచూపు మేర గడ్డి. జనవరి మొదటి వారంలో అమ్మానాన్న ఖమ్మం నుంచి వస్తున్నారు. మనవరాలికి భోగిపళ్లు పోయాలని అమ్మకి ఆశ. పెరట్లో చిన్నగా భోగి మంట వేద్దామని నాన్న అంటున్నారు. టీవీలో ఆస్ట్రేలియా కార్చిచ్చులు చూసి ఇద్దరూ భయపడుతున్నారు కూడా. అడవులు మాకు చాలా దూరం, మాకేం కాదు అని చెప్పాను. అది నిజమేనా? పెరట్లో మంట వేసుకోవచ్చా? మేమిద్దరం ఆఫీసుకు వెళ్తే పగలంతా ఇంట్లో వాళ్లే ఉంటారు. ముందుగా ఏమేం చూసుకోవాలో చెప్పండి.

విండమ్ వేల్ నుంచి, సీఎఫ్ఏ (కంట్రీ ఫైర్ అథారిటీ, విక్టోరియా రాష్ట్రంలో మంటలార్పే సంస్థ) వాలంటీర్:

నమస్తే అండీ. మంచి సమయంలో అడిగారు. చాలామంది ఈ ప్రశ్న పొగ కనపడ్డాక అడుగుతారు.

ముందు భోగి మంట సంగతి. వద్దండీ. మన ఊళ్లో భోగి అంటే చలికాలం, తెల్లవారుజామున మంచు. ఇక్కడ అది నడి వేసవి. ఎండాకాలం ముదిరే కొద్దీ సీఎఫ్ఏ ఒక్కో మున్సిపాలిటీకి ఫైర్ డేంజర్ పీరియడ్, అంటే ఆరుబయట మంటల మీద ఆంక్షలుండే కాలం, ప్రకటిస్తుంది. సంక్రాంతి నాటికి మన పడమటి శివార్లలో సాధారణంగా అది అమల్లో ఉంటుంది. ఆ రోజుల్లో వంటకో వెచ్చదనానికో ఆరుబయట మంట పెట్టాలన్నా షరతులున్నాయి: పొయ్యి కట్టి ఉండాలి, లేదా 30 సెంటీమీటర్ల లోతు గుంత తీయాలి. మంట ఒక చదరపు మీటరు దాటకూడదు. చుట్టూ 3 మీటర్ల మేర అంటుకునేదేమీ ఉండకూడదు. గాలి గంటకు 10 కిలోమీటర్లు మించకూడదు. నీళ్లు పక్కనే పెట్టుకుని, ఆరిపోయేదాకా పెద్దవాళ్లు అక్కడే ఉండాలి. మన కొత్త ఎస్టేట్ల పెరళ్లు ఎంతుంటాయో మీకు తెలుసు. ఫెన్సింగ్‌కి ఫెన్సింగ్‌కి మధ్య ఆ ఖాళీ ఎక్కడ దొరుకుతుంది? పైగా ఇళ్ల మధ్య మంటల మీద కౌన్సిల్ నిబంధనలు వేరే ఉంటాయి.

ఇక ఆ రోజు టోటల్ ఫైర్ బ్యాన్ ప్రకటిస్తే అర్ధరాత్రి నుంచి మళ్లీ అర్ధరాత్రి దాకా ఆరుబయట కట్టెలు, బొగ్గులు, పిడకలు ఏవీ వెలిగించడానికి లేదు. పెరట్లో హోమం చేద్దామన్నా అంతే. బ్యాన్ ఉందో లేదో ముందు రోజు సాయంత్రానికి సాధారణంగా తెలిసిపోతుంది. మనది సెంట్రల్ జిల్లా కింద వస్తుంది, ఆ పేరు చూసుకోండి. దీపావళి బాణసంచా సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. విక్టోరియాలో లైసెన్స్ లేకుండా టపాసులు కొనడం, కాల్చడం నేరం. ఎవరో ఎక్కడో దొరికాయని తెచ్చిస్తే తీసుకోకండి.

అమ్మగారి కోరికకి మంటతో పని లేదు కదా. రేగుపళ్లు దొరక్కపోతే చెర్రీలు, చిల్లర, చెరుకు ముక్కలు, పూలు, పాపని కూర్చోబెట్టుకోవడానికి నానమ్మ ఒడి, అంతే. నాన్నగారికి మాత్రం విమానం ఎక్కకముందే చెప్పండి. ఇక్కడికొచ్చాక చెబితే నొచ్చుకుంటారు.

ఇప్పుడు అసలు సంగతి. అడవి దూరం కాబట్టి మాకేం కాదు అన్నారు. మన వైపు భయపడాల్సింది అడవికి కాదు, మీ ఫెన్సింగ్ అవతలున్న ఆ గడ్డికి. 1969 జనవరి 8న ఇక్కడికి దగ్గర్లో, మనం జీలాంగ్ వెళ్లే దారిలోనే, లారా దగ్గర గడ్డి మంట హైవేని చుట్టేసింది. 17 మంది చనిపోయారు. అక్కడ పెద్ద అడవేమీ లేదు. ఎండిన గడ్డి, ఉత్తరపు గాలి, కార్ల వరస.

గడ్డి సన్నగా ఉంటుంది కాబట్టి గంటల్లో ఎండిపోతుంది. అంటుకుంటే గంటకు 25 కిలోమీటర్ల వేగం దాకా పోగలదు, మనిషి పరిగెత్తి తప్పించుకోలేడు. అడవి మంటల కంటే గడ్డి మంటలు పొద్దున త్వరగానే మొదలవుతాయి కూడా. మధ్యాహ్నం చూసుకుందాంలే అనుకోకండి. ఇంకొకటి: వసంతంలో వానలు బాగా పడ్డ ఏడాది ఈసారి చల్లగా ఉందని సంబరపడతాం గానీ, ఆ వానకి గడ్డి మోకాలెత్తు పెరిగి డిసెంబర్‌కి పసుపెక్కుతుంది. అవతలి పొలంలో ఆ రంగు మారడం మీరే గమనించవచ్చు. మీ ఇంటి గడ్డి మాత్రం 10 సెంటీమీటర్లు దాటనివ్వకండి. ఫెన్సింగ్‌కి ఆనించి కార్డ్‌బోర్డ్ పెట్టెలు, పాత పరుపులు పెట్టకండి. కొత్తగా ఇంట్లో దిగినవాళ్లందరి దగ్గరా ఐకియా పెట్టెల గుట్ట పెరట్లోనే ఉంటుంది, ముందు అది తీసేయండి.

కొత్తవాళ్లకి ఎవరూ చెప్పనిది గాలి సంగతి. ఇక్కడ ఘోరమైన ఎండ రోజుల్లో పొద్దుటి నుంచి ఉత్తరపు వేడిగాలి కొడుతుంది. మంట దక్షిణానికి సన్నగా, పొడుగ్గా సాగుతుంది. సాయంత్రానికి నైరుతి నుంచి చల్లగాలి తిరుగుతుంది. ఇంట్లో ఉన్నవాళ్లకి ప్రాణం లేచొచ్చినట్టుంటుంది, కిటికీలు తెరుస్తారు, బయటికొచ్చి నిలబడతారు. మంట దగ్గర జరిగేది వేరు. అప్పటిదాకా పొడుగ్గా ఉన్న తూర్పు పక్క మొత్తం ఒక్కసారిగా మంట ముందు భాగమైపోతుంది. కిలోమీటర్ల వెడల్పున కొత్త దిక్కుకి దూకుతుంది. 2009 ఫిబ్రవరి 7న, వీళ్లు బ్లాక్ సాటర్‌డే అనే రోజున, మెల్‌బోర్న్‌లో 46.4 డిగ్రీలు. ఆ మంటల్లో 173 మంది పోయారు. ఆ సాయంత్రం గాలి తిరిగాకే చాలా ఊళ్లు మంట దారిలోకి వచ్చాయి. అందుకే మీ ఇంటికి గడ్డి ఏ దిక్కున ఉందో ఈ శనివారమే చూసుకోండి. ఉత్తరాన ఉంటే పగలు జాగ్రత్త, పడమరనో నైరుతినో ఉంటే గాలి తిరిగే వేళ జాగ్రత్త.

ఫోన్‌లో విక్‌ఎమర్జెన్సీ యాప్ (ప్రభుత్వ హెచ్చరికలు ఇందులో వస్తాయి) పెట్టుకుని ఇంటి చుట్టూ, పాప చైల్డ్‌కేర్ చుట్టూ వాచ్ జోన్లు (ఆ హద్దుల్లో ప్రమాదమొస్తే ఫోన్‌కి కబురొస్తుంది) గీసుకోండి. రోజువారీ ప్రమాద స్థాయిలు 2022 సెప్టెంబర్ నుంచి నాలుగు: మోడరేట్, హై, ఎక్స్‌ట్రీమ్, కెటస్ట్రోఫిక్. మంట మొదలయ్యాక వచ్చే హెచ్చరికలు వేరు. పసుపు రంగు అడ్వైస్, నారింజ వాచ్ అండ్ యాక్ట్, ఎరుపు ఎమర్జెన్సీ వార్నింగ్. ఎరుపు వచ్చేదాకా ఆగకండి, అప్పటికి రోడ్లు పొగతో, కార్లతో నిండిపోతాయి. హెచ్చరిక రాలేదు కాబట్టి ప్రమాదం లేదని కూడా అనుకోకండి, గడ్డి మంట ఒక్కోసారి కబురు కంటే ముందే వస్తుంది. కరెంటు పోతే బ్యాటరీ రేడియోలో ఏబీసీ రేడియో 774 పెట్టండి.

నా మాటగా ఒకటి చెబుతాను. ఎక్స్‌ట్రీమ్ గానీ ఆపైన గానీ ఉన్న రోజు పెద్దవాళ్లని గడ్డి పక్కింట్లో ఒంటరిగా ఉంచకండి. పొద్దున మీరు ఆఫీసుకి వెళ్లేటప్పుడే గడ్డికి దూరంగా, ఊరి లోపలున్న ఎవరింటికైనా దింపేయండి, లేదా పసిఫిక్ వెరిబీ మాల్‌కో లైబ్రరీకో తీసుకెళ్లండి. అక్కడ ఏసీ కూడా ఉంటుంది. ఈ నిర్ణయం ముందు రోజు రాత్రి భోజనాల దగ్గరే అయిపోవాలి. అలా వీలుకాని రోజు మంట వస్తే గడ్డి అంచు నుంచి కనీసం రెండు వీధులు లోపలికి నడిచి వెళ్లిపోవాలి. ఈ దారి ఒక సాయంత్రం అమ్మానాన్నలతో నడిచి చూపించండి.

మా అత్తగారు వచ్చినప్పుడు ఫ్రిజ్ తలుపు మీద తెలుగులో పెద్ద అక్షరాలతో ఒక కాగితం అంటించాం. మా ఇంటి అడ్రసు, ఇంగ్లిషు ఉచ్చారణని తెలుగులో రాసి. కింద: "000 నొక్కు. ఫైర్ అను. తెలుగు అను. ఫోన్ పెట్టేయకు." 000 ఇక్కడి అత్యవసర నంబరు, భాష పేరు చెబితే వాళ్లే దుబాసీని లైన్‌లోకి తెస్తారు. మంట సమాచారం కావాలంటే 1800 226 226. తెలుగులో వినాలంటే దుబాసీల సేవ 131 450 కి చేసి ఆ నంబరుకి కలపమనాలి. ఆ పక్కనే మేకుకి ఒక సంచి. అందులో పాస్‌పోర్టులు, బీపీ మాత్రలు, కళ్లద్దాలు, నీళ్లు, పవర్ బ్యాంక్, ఒక్కొక్కరికి నూలు బట్టలు, బూట్లు. నైలాన్ చీర, పాలిస్టర్ నైటీ వేడికి ఒంటికి అంటుకుపోతాయి. చెప్పులతో కాలిన గడ్డి మీద నడవలేరు.

కార్లో ఉండగా మంటల్లో చిక్కుకుంటే దిగి పరిగెత్తకండి. గడ్డి లేని ఖాళీ జాగాలో ఆపి, లైట్లు వేసి, అద్దాలు, ఏసీ రంధ్రాలు మూసి, కిటికీ కంటే కిందికి వంగి ఉన్ని దుప్పటి కప్పుకోవాలి. మంట ముందుకి పోయేదాకా అలాగే. అందుకే నా కారు డిక్కీలో వేసవంతా ఉన్ని దుప్పటి ఉంటుంది. సింథటిక్ పనికిరాదు.

సన్‌షైన్ నుంచి, ఎమర్జెన్సీలో పనిచేసే నర్సక్క:

తమ్ముడూ, అన్నయ్య మంటల గురించి బాగా చెప్పారు. నేను మా వార్డులో చూసేవి చెబుతాను.

బయటి మంటల కంటే వంటింటి నూనె వల్ల కాలి వచ్చేవాళ్లే నాకు ఎక్కువ. అమ్మ వచ్చాక పండక్కి అరిసెలు, గారెలు తప్పవు. బాణలి అంటుకుంటే నీళ్లు అస్సలు పోయకూడదు, మంట పైకి ఎగిసి మీద పడుతుంది. స్టవ్ ఆపేసి, మూత పెట్టాలి లేదా ఫైర్ బ్లాంకెట్ కప్పాలి. బన్నింగ్స్ హార్డ్‌వేర్ షాపు‌లో దొరుకుతుంది. స్టవ్ పైన కాకుండా తలుపు దగ్గర తగిలించు, మంట దాటి చెయ్యి పెట్టాల్సిన పని ఉండకూడదు. కాలితే కుళాయి కింద పారే చల్లటి నీళ్లు 20 నిమిషాలు. ఐసు వద్దు, పేస్టు వద్దు, పసుపు వద్దు. పెద్దవాళ్లు ముందు పేస్టే రాస్తారు, ఇది అమ్మకి ఇప్పుడే చెప్పి ఉంచు.

పాపకి స్నానం చేయించాక సాంబ్రాణి వేయాలని అమ్మ అంటుంది. బొగ్గుల కుంపటి ఇంటి లోపల పెట్టనివ్వకు. ఇక్కడి ఇళ్లు గాలి చొరకుండా కడతారు, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. చలికాలంలో బార్బెక్యూని లోపలికి తెచ్చి వెచ్చగా కూర్చోవడం కూడా అంతే ప్రమాదం.

ఇంకొకటి మన జనానికి బొత్తిగా తెలియనిది. థండర్‌స్టార్మ్ ఆస్తమా. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా రైగ్రాస్ అనే గడ్డి పుప్పొడి గాలిలో ఉంటుంది. ఉరుముల వాన వస్తే ఆ పుప్పొడి చితికి సన్నటి రేణువులై ఊపిరితిత్తుల లోపలికి దిగిపోతుంది. 2016 నవంబర్ 21న ఒక్క సాయంత్రం మెల్‌బోర్న్ ఆసుపత్రులు నిండిపోయాయి, 10 మంది పోయారు. బాధితుల్లో మన ఉపఖండం వాళ్లు ఎక్కువగా ఉన్నారు. చాలామందికి అంతకుముందు ఆస్తమా లేదు, ముక్కు కారడం, తుమ్ములు మాత్రమే. ఇక్కడికొచ్చాక నీకు గానీ మీ ఆవిడకి గానీ వసంతంలో తుమ్ములు మొదలైతే జీపీని, అంటే ఫ్యామిలీ డాక్టర్ని, కలవండి. వెంటోలిన్ ఇన్‌హేలర్ ఫార్మసీలో ప్రిస్క్రిప్షన్ లేకుండా ఇస్తారు, స్పేసర్ అనే గొట్టంతో కలిపి ఇంట్లో ఉంచుకో. ఊపిరాడకపోతే 4 పఫ్‌లు, ఒక్కో పఫ్‌కి 4 శ్వాసలు, 4 నిమిషాలు ఆగి మళ్లీ 4. తగ్గకపోతే 000. ఉరుములు రాకముందే కిటికీలు మూసి లోపల ఉండండి.

క్రేగీబర్న్ నుంచి, ఇంకో సభ్యుడు:

అద్దె ఇంటి విషయం ఒక్కటి చేరుస్తాను. స్మోక్ అలారాలు పనిచేసేలా చూడటం, ఏడాదికోసారి తనిఖీ చేయించడం ఇంటి యజమాని బాధ్యత. గ్యాస్, కరెంటు తనిఖీ రెండేళ్లకోసారి. మోగడం లేదంటే ఏజెంట్‌కి ఫోన్ చేసి ఊరుకోకండి, ఈమెయిల్ రాయండి. అది వెంటనే చేయాల్సిన రిపేరు కింద వస్తుంది. పోపు పెట్టినప్పుడల్లా మోగుతోందని అలారానికి కవరు చుట్టేవాళ్లని చూశాను. దయచేసి ఆ పని చేయకండి. రేంజ్‌హుడ్ వేసి, తలుపు తీసి పోపు పెట్టండి. ఇంటి ఇన్సూరెన్స్ యజమానిది, మీ సామాను దానిలోకి రాదు. కంటెంట్స్ పాలసీ విడిగా తీసుకోండి.

ఇంకా: గరాజ్ తలుపు కరెంటుతో నడుస్తుంది. 2024 ఫిబ్రవరి 13 నాటి గాలివానకి విక్టోరియాలో 5 లక్షల పైచిలుకు ఇళ్లకి కరెంటు పోయింది. మా వీధిలో కార్లు గరాజుల్లో ఉండిపోయాయి. పైన ఒక తాడు వేలాడుతుంటుంది, సాధారణంగా ఎర్రటిది. అది లాగితే తలుపు చేత్తో ఎత్తొచ్చు. ఈరోజే ఒకసారి లాగి చూడండి. చెట్టు పడినా, కప్పు ఎగిరినా, నీళ్లొచ్చినా సాయానికొచ్చే స్టేట్ ఎమర్జెన్సీ సర్వీస్, ఎస్‌ఈ‌ఎస్ నంబరు 132 500. ప్రాణం మీదకొస్తే మాత్రం 000.

టార్నీట్, కొత్త సభ్యుడు:

అందరికీ చాలా థాంక్స్ అండీ. నాన్నతో మాట్లాడాను, మంట వద్దని ఒప్పుకున్నారు. బయటికెళ్లి చూశాను, గడ్డి మాకు ఉత్తరానే ఉంది. ఒక్క ఇబ్బంది: వాళ్లకి డ్రైవింగ్ రాదు, మాకు ఇక్కడ చుట్టాలెవరూ లేరు. మేం సిటీలో ఇరుక్కుపోతే వాళ్లని ఎవరు తీసుకెళ్తారు?

విండమ్ వేల్, సీఎఫ్ఏ వాలంటీర్:

పక్కింటి వాళ్లు ఏ దేశం వాళ్లైనా సరే, ఈ వారం స్వీట్ల డబ్బా పట్టుకుని వెళ్లి పరిచయం చేసుకోండి. ఫోన్ నంబరు తీసుకోండి, అమ్మానాన్న రాగానే ముఖాలు చూపించండి. పగలు ఇంట్లో ఉండేవాళ్లెవరో కనుక్కోండి. ఎండ మండే రోజుల్లో మీ ఇద్దరిలో ఒకరు ఇంటి నుంచి పనిచేసేలా మేనేజర్‌తో ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి. మంటల కారణమంటే ఇక్కడ చాలాచోట్ల అర్థం చేసుకుంటారు. వీలుకాని రోజు ముందు రాత్రి నాకు మెసేజ్ పెట్టండి. ఆ రోజుల్లో నేను స్టేషన్‌లో ఉంటాను గానీ మా ఆవిడ ఇంట్లోనే ఉంటుంది. మా ఇల్లు గడ్డికి దూరం, పెద్దవాళ్లిద్దరూ పొద్దుటే వచ్చి సాయంత్రం గాలి తిరిగి సద్దుమణిగేదాకా ఉండొచ్చు. నంబరు మీకు విడిగా పంపిస్తున్నాను.