మాజీ సైనికుల ధర్నాలను పత్రికలు, ఛానళ్లు ఎలా చూపిస్తున్నాయి? మీ అనుభవాలు చెప్పండి

సిగ్నల్స్ హవల్దార్:
అందరికీ నమస్కారం. మా జిల్లా మాజీ సైనికుల సంఘంలో విలేకరులతో మాట్లాడే పని ఈ ఏడాది నాకు అప్పగించారు కాబట్టి, అనుభవమున్నవారి మాట వినాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. 2023 ఫిబ్రవరిలో జవాన్లు, జేసీఓలు (జవాన్లకూ అధికారులకూ మధ్య స్థాయివారు) ఢిల్లీ జంతర్‌మంతర్ వద్ద ధర్నాకు దిగినప్పుడు, వారికి మద్దతుగా మేము ఇక్కడ కలెక్టరేట్ ఎదుట టెంటు వేసుకుని కూర్చున్నాం. సైనిక జీవితంలోని కష్టానికి జీతంతో పాటు ఇచ్చే మిలిటరీ సర్వీస్ పే అధికారులకు నెలకు 15,500 రూపాయలూ, జేసీఓలకు, జవాన్లకు 5,200 రూపాయలూ ఎందుకన్నది మా ప్రధానమైన ప్రశ్న. అది పింఛను లెక్కలోకి కూడా వస్తుంది కనుక ఆ తేడా బతికినంతకాలం వెంటాడుతుంది. ఈ లెక్కంతా పెద్ద ఫ్లెక్సీ మీద పట్టికగా వేయించాం. వచ్చిన ఫోటోగ్రాఫరు ఆ ఫ్లెక్సీ ఫ్రేములో పడకుండా మమ్మల్ని పక్కకు జరిపి, పతకాలు పెట్టుకున్నవారిని ముందుకు పిలిచి, అందరినీ ఒకేసారి సెల్యూట్ చేయమన్నాడు. మరునాడు జిల్లా పేజీలో ఫోటో బాగానే వచ్చింది. దాని కింద ‘సమస్యలు పరిష్కరించాలని కోరుతున్న మాజీ సైనికులు’ అని వేశారు గానీ, ఆ సమస్య ఏమిటో ఎక్కడా లేదు. మీకు ఎలాంటి అనుభవాలు ఎదురయ్యాయి? డిమాండు కూడా అచ్చయ్యేలా చేసినవారు ఎవరైనా ఉన్నారా?

పాత గుడారం:
హవల్దార్ గారూ, 2015లో ‘ఒకే ర్యాంకు, ఒకే పింఛను’ (ఓఆర్‌ఓపీ) కోసం జంతర్‌మంతర్ దీక్షలో కూర్చున్నవాణ్ని కాబట్టి చెబుతున్నాను. ఆ ఏడాది జూన్ 14న పెద్ద ర్యాలీ జరిగింది, మరునాటి నుంచి రిలే నిరాహార దీక్షలు మొదలయ్యాయి. రెండు నెలలపాటు విలేకరులు వస్తూ పోతూనే ఉన్నారు గానీ, కొత్తగా ఏమైనా ఉందా అని అడిగి, లేదంటే వెళ్లిపోయేవారు. ఆగస్టు 14న, స్వాతంత్ర్య దినోత్సవ భద్రత పేరు చెప్పి పోలీసులు మమ్మల్ని ఖాళీ చేయించబోయారు. ఆ తోపులాటలో చొక్కా చిరిగిన వృద్ధ సైనికుడి ఫోటో సాయంత్రానికల్లా దేశమంతా తిరిగింది. 13వ తేదీన మా కోరిక ఏమిటో 15వ తేదీనా అదే, అయినా 13న ఒక్క కెమెరా లేని చోట 15న నిలబడడానికి సందు లేదు.

సెప్టెంబరు 5న రక్షణ మంత్రి మనోహర్ పారికర్ ప్రకటన చేశాక కథ పూర్తిగా మారిపోయింది. అసలు తగాదా ఎక్కడుందో చూడండి. భగత్‌సింగ్ కోశ్యారీ అధ్యక్షతన రాజ్యసభ కమిటీ 2011లో ఇచ్చిన నివేదిక ప్రకారం, ఒకే ర్యాంకులో ఒకే సర్వీసు చేసినవారికి, ఎప్పుడు రిటైరైనా సరే, ఒకే పింఛను ఉండాలి, ముందుముందు పెరిగేది పాతవారికి కూడా దానంతటదే అందాలి. ప్రకటనలో మాత్రం 2013ను ప్రాతిపదిక సంవత్సరంగా తీసుకుని, కనిష్ఠ, గరిష్ఠ పింఛన్ల సగటు కట్టి, 2014 జులై 1 నుంచి అమలు చేసి, ఐదేళ్లకోసారి సవరిస్తామన్నారు. ఐదేళ్ల వ్యవధిలో రిటైరైనవారికీ అంతకుముందువారికీ మధ్య మళ్లీ తేడా వస్తుందన్నది మా అభ్యంతరం. ఇది రెండు వాక్యాల్లో చెప్పగలిగిన విషయమే. నేను చూసిన ఛానళ్లలో మాత్రం ‘ఇచ్చారు, అయినా ఇంకా అడుగుతున్నారు’ అన్న ధోరణే నడిచింది. 2017 అక్టోబరులో పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశం తర్వాత మమ్మల్ని అక్కడి నుంచి లేపేసిన రోజు మళ్లీ కెమెరాలు వచ్చాయి.

నైట్ డెస్క్:
నేను ఒక తెలుగు దినపత్రికలో చాలాకాలంగా సబ్ ఎడిటర్‌ను. పత్రికను వెనకేసుకురావడం నా ఉద్దేశం కాదు, అక్కడ పని ఎలా నడుస్తుందో చెబుతాను. కలెక్టరేట్ ముందు సోమవారం, అంటే అర్జీల రోజున, అంగన్‌వాడీలు, కాంట్రాక్టు కార్మికులు, భూనిర్వాసితులు, మీరు, అందరూ ఉంటారు. ఆ అందరికీ ఉన్నది ఒకే విలేకరి, ఒకే పేజీ. వీరిలో యూనిఫాం గుర్తులున్నవారు మీరొక్కరే కాబట్టి మీ ఫోటోకు చోటు దొరుకుతుంది, వార్తకు దొరకదు. విలేకరి పంపిన నాలుగు పేరాల్లో పట్టిక ఉన్న పేరానే ముందు కోస్తాం, ఎందుకంటే దాన్ని సరిచూడడానికి ఆ రాత్రి మా దగ్గర ఎవరూ ఉండరు. పింఛను విధానం ఢిల్లీ వార్త కనుక అది వార్తాసంస్థలు పంపే ఏజెన్సీ కాపీగానే వస్తుంది, ఆ కాపీలో ప్రభుత్వం చెప్పింది పైనా, సంఘాలు చెప్పింది చివరి పేరాలోనూ ఉంటాయి. ఇక చోటు తగ్గినప్పుడు కోత పడేది ఎప్పుడూ చివరి నుంచే.

ఓఆర్‌ఓపీలో లోపాలు చూడడానికి 2015 డిసెంబరులో ఏకసభ్య న్యాయ కమిటీ వేసినప్పుడు, దానికి నియమితులైన జస్టిస్ ఎల్. నరసింహారెడ్డి తెలుగువారు కాబట్టి మా దగ్గర ఆ వార్తకు మంచి చోటే దక్కింది. 2016 అక్టోబరులో ఆయన నివేదిక సమర్పించిన రోజున అది లోపలి పేజీలో చిన్న వార్తయింది. నియామకంలో మనిషి ఉన్నాడు, నివేదికలో లెక్కలున్నాయి, అంతే తేడా.

రిటైర్డ్ మేజర్:
ఛానళ్ల సంగతి నేను చెబుతాను. పింఛను మీద చర్చ అని పిలిచి, మేకప్ వేసి కూర్చోబెట్టాక, ఆ సాయంత్రం సరిహద్దులో ఏదో జరిగిందని చర్చాంశం మార్చేయడం నాకు ఒకసారి కాదు, చాలాసార్లు ఎదురైంది. యాంకరు చివర్లో ‘పింఛను గురించి ఒక్క ముక్కలో’ అంటారు. ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. స్టూడియోకు పిలిచేది మాలాంటి అధికారులనే. 2015లో అధికారులు, జవాన్లు ఒకే గుడారంలో ఉన్నారు కాబట్టి ఆ లోటు కనబడలేదు. 2023లో జవాన్లు ఒంటరిగా, అదీ అధికారులకు ఎక్కువ మేలు జరిగిందన్న ఫిర్యాదుతో కూర్చున్నప్పుడు, వారి తరఫున ఇంగ్లిషులో వాదించేవారు స్టూడియోల్లో లేకపోయారు.

రాజకీయ నిరసన అనగానే గుర్తొచ్చేది 2019 ఏప్రిల్ లేఖ. సైన్యాన్ని ఎన్నికల ప్రచారానికి వాడుకోవద్దంటూ 150 మందికి పైగా మాజీ సైనికుల పేర్లతో రాష్ట్రపతికి రాసిన ఉత్తరం అది. సైనికుల ఫోటోలు పోస్టర్లలో వాడవద్దని అంతకు నెల ముందే ఎన్నికల సంఘం పార్టీలకు చెప్పి ఉంది కాబట్టి, అందులోని విషయం గాలిలోంచి పుట్టింది కాదు. కానీ ఇద్దరు మాజీ దళాధిపతులు తమకు ఆ లేఖతో సంబంధం లేదనేసరికి, సంతకం ఎవరు చేశారు, ఎవరు చేయలేదన్నదే వార్తయింది. మిగిలిన పేర్లను గానీ, లేఖలో ఉన్నదాన్ని గానీ పట్టించుకున్నవారు తక్కువ. ఎవరైనా ఇలాంటి వినతిపత్రం తయారుచేస్తే ప్రతి సంతకానికీ రాతపూర్వక ఆధారం చేతిలో పెట్టుకోండి, మొదటి దెబ్బ అక్కడే పడుతుంది.

చరిత్ర పాఠకుడు:
నేను సైన్యంలో పనిచేయలేదు, అమెరికా చరిత్ర చదువుకున్నాను. మీరు చెబుతున్నది అక్కడా జరిగింది. మొదటి ప్రపంచయుద్ధ సైనికులకు 1924 చట్టం ఇచ్చిన బోనస్ పత్రాలు 1945లో గానీ చెల్లవు. మాంద్యంలో ఉద్యోగాలు పోయినవారు ఆ డబ్బు ఇప్పుడే ఇవ్వమని 1932లో వాషింగ్టన్ చేరి గుడిసెలు వేసుకున్నారు. జులై 28న జనరల్ మెకార్థర్ నాయకత్వంలో సైన్యం అశ్వికదళంతో, ట్యాంకులతో, బాష్పవాయువుతో వారిని వెళ్లగొట్టింది. వారిలో కమ్యూనిస్టులు చొరబడ్డారని ప్రభుత్వం చెప్పుకొచ్చింది గానీ, తగలబడుతున్న గుడిసెల దృశ్యాలు సినిమా హాళ్లలో వార్తాచిత్రాలుగా ఆడాయి. 1936లో ఆ డబ్బు ఇచ్చారు.

1971 ఉదాహరణ మీ ప్రశ్నకు ఇంకా దగ్గర. ఆ ఏడాది జనవరి చివర డెట్రాయిట్‌లో వియత్నాం మాజీ సైనికులు తాము చూసిన, చేసిన దుర్మార్గాల గురించి మూడు రోజులపాటు సాక్ష్యం చెబితే పెద్ద పత్రికలు దాదాపు పట్టించుకోలేదు. అదే సంఘంవారు ఏప్రిల్ 23న అమెరికా చట్టసభలుండే కాపిటల్ భవనం ముందు తమ పతకాలను విసిరేసినప్పుడు ఆ దృశ్యం దేశమంతా చూసింది.

పాత గుడారం:
పతకాల దారి మన దగ్గర అంత సాఫీగా లేదండీ. 2009లో వేల పతకాలు రాష్ట్రపతికి తిరిగి పంపారు, 2015 నవంబరులో దీపావళి ముందు మళ్లీ ఆ పని మొదలైంది. అది సైనికులు చేయదగిన పని కాదని రక్షణ మంత్రి అన్నారు. ఆ తర్వాత వారమంతా పతకం గౌరవం మీదే చర్చ, అప్పుడు వెలువడిన ఓఆర్‌ఓపీ నోటిఫికేషన్‌లో ఏముందో అడిగినవారు లేరు. పతకం కెమెరాను రప్పిస్తుంది గానీ, వచ్చిన కెమెరా పతకం దగ్గరే ఆగిపోతుంది.

పింఛనుదారు కూతురు:
మా నాన్నగారు ఆర్టిలరీలో చేశారు, ఇప్పుడు అమ్మకు కుటుంబ పింఛను వస్తోంది. 2023 మార్చి 20న సుప్రీంకోర్టు ఓఆర్‌ఓపీ బకాయిల మీద ఆదేశం ఇచ్చిన సాయంత్రం, అమ్మ, నేను ఛానళ్లు మార్చి మార్చి చూశాం. కేంద్రం తన వివరణను అవతలి పక్షానికి చూపకుండా సీల్డ్ కవర్‌లో ఇవ్వబోతే ప్రధాన న్యాయమూర్తి వద్దన్న సంగతే అంతటా. అది ముఖ్యమైన విషయమే, కాదనను. కానీ అమ్మకు కావాల్సింది తన డబ్బు ఎప్పుడు పడుతుందన్న మాట ఒక్కటే. కుటుంబ పింఛనుదారులకు, శౌర్య పురస్కార గ్రహీతలకు ఏప్రిల్ 30లోగా, 70 ఏళ్లు దాటినవారికి జూన్ 30లోగా, మిగిలినవారికి ఆ తర్వాత మూడు వాయిదాల్లో ఇవ్వాలన్నది కూడా ఆ ఆదేశంలోనే ఉంది, అది నాకు మరునాడు ఒక మాజీ సైనికుల వాట్సాప్ గ్రూపులో దొరికింది. 25 లక్షల మందికి సంబంధించిన తేదీలను కింద స్క్రోలింగ్‌లో అయినా వేయవచ్చు కదా.

ఇంకొకటి. ధర్నాలకు వెళితే కెమెరా వచ్చినప్పుడల్లా భర్త ఫోటో పట్టుకున్న ఆడవాళ్లను ముందు వరుసలో కూర్చోబెడతారు. మైకు మాత్రం వెనక వరుస నుంచి లేచి వచ్చే సంఘం నాయకుడికే. ఇందులో మీడియాతో పాటు మన సంఘాల పాత్ర కూడా ఉంది.

నైట్ డెస్క్:
ఆమె చెప్పింది నిజం. హవల్దార్ గారు అడిగినదానికి నాకు తోచింది చెబుతాను. సోమవారం వదిలేసి, వార్తలు పలచగా ఉండే రోజు చూసుకోండి. ఫ్లెక్సీ మీద పెద్ద పట్టిక వద్దు, ఇద్దరు మనుషులు చాలు. ఒకే సర్వీసు చేసిన ఒక సిపాయికి, ఒక మేజర్‌కు 2019 జులై నుంచి అమలైన సవరణలో ఎంతెంత పెరిగిందో, వారి పీపీఓల (పింఛను మంజూరు పత్రాల) ప్రతులు, ప్రభుత్వ పట్టికలో ఆ వరుస ఉన్న పేజీ జతచేసి విలేకరికి ముందురోజే ఇవ్వండి. ఆధారం చేతిలో ఉన్న పేరాను డెస్కు అంత తేలిగ్గా కొయ్యదు. ఫోటో తీసేటప్పుడు ఆ సిపాయి చేతిలో తన పీపీఓ ఉంటే, కింద రాసే వాక్యంలో ఆ అంకె రాయక తప్పదు.

సిగ్నల్స్ హవల్దార్:
ఇది చేయదగ్గదిగా ఉంది. మేజర్ గారూ, మీ కోర్సువారిలో, అంటే మీతో శిక్షణ పొందిన అధికారుల్లో, ఎవరైనా తమ పీపీఓ ఇవ్వడానికి ఒప్పుకుంటారేమో దయచేసి అడగండి. సిపాయి పీపీఓ మా దగ్గర ఉంది. మైకు ఈసారి మా జిల్లాలోని ఒక వీరనారి (అమర సైనికుడి భార్య) చేతికి ఇస్తాం, ఏమి మాట్లాడాలో ఆమే నిర్ణయించుకుంటారు.