సుగ్గికాలంలో ముసలివాళ్లకు ఒక పూట: పిడికెడు బియ్యంతోనే మొదలుపెట్టాలా, నిధి చేరేదాకా ఆగాలా?

ఆదోని_సంఘసేవ
అందరికీ వందనాలు. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు పల్లెల్లో చలికాలం వచ్చిందంటే సగం ఊరు సుగ్గికి పోతుంది. పత్తి తీతకు, మిరప కోతకు గుంటూరు దాకా పోయి ఉగాదికి గానీ తిరిగిరారు. ఇళ్లకు తాళాలు, అరుగుల మీద అవ్వాతాతలు. వాళ్లకు చర్చి సంఘం తరఫున రోజూ ఒక పూట వండిపెట్టాలని చాలాచోట్ల మాట నడుస్తోంది. ఇంటింటా వండేముందు సంఘం కోసం తీసిపెట్టే పిడికెడు బియ్యం ఉంది, పెళ్లిళ్ల గిన్నెలు ఉన్నాయి, ఈ ఆదివారమే మొదలుపెడదామని కొందరు. బయటి నుంచి యాభై వేలు చేరాక చూద్దామని కొందరు. 40 ఇళ్ల సంఘం, అందులో 25 ఇళ్లు సుగ్గికి పోతాయి, 11 మంది ముసలివాళ్లు అనుకుందాం. లెక్కతో చెప్పండి.

పిడికెడు
ఆగాల్సిన పనే లేదు. అప్పులవాళ్లు కొడుకులను పట్టుకుపోతారని విధవరాలు ఏడిస్తే, ఎలీషా ప్రవక్త అడిగింది నీ ఇంట్లో ఏముందనే (2 రాజులు 4). ఉన్నది ఒక్క నూనె కుండ, దానితోనే అప్పు తీరింది.

లెక్క ఇదిగో. ఆడవాళ్ల పిడికిలికి సుమారు 45 గ్రాముల బియ్యం పడుతుంది. మిగిలిన 15 ఇళ్లు రెండు పూటలా తీస్తే రోజుకు 1,350 గ్రాములు. ముసలివాళ్లకు పూటకు 120 గ్రాములు సరిపోతాయి. అంటే 11 మందికి అన్నం వచ్చేసింది. మిజోరం సంఘాలు 1910 నుంచి ఇదే పిడికెడు బియ్యంతో ఎంత పరిచర్య నడుపుతున్నాయో చూడండి.

ఒక్కటే షరతు. ఎసట్లో పోసే బియ్యం కొలవకముందే పిడికెడు తీసి వేరే డబ్బాలో వేయాలి. వండాక మిగిలితే ఇద్దామనుకుంటే ఏ ఇంట్లోనూ మిగలదు.

లెక్కల_పుస్తకం
అన్నా, నీ లెక్క తప్పు కాదు, సగమే. బియ్యం ఒక్కటే భోజనం కాదు. తలా 30 గ్రాముల పప్పు వేసినా రోజుకు 330 గ్రాములు, నెలకు దాదాపు పది కిలోలు. నూనె, చింతపండు, కట్టెలు వేరే. వండేదెవరు? ఊళ్లో మిగిలేది చంటిబిడ్డల తల్లులు, పదో తరగతి పిల్లలున్న ఇళ్లు. వాళ్లు రోజూ పొయ్యి దగ్గర నిలబడలేరు. మూడో వారానికి ఆగిపోతుంది.

మొదలుపెట్టి ఆపడం మొదలుపెట్టకపోవడం కంటే చెడ్డది. సంఘం అన్నం పెడుతోందని తెలిస్తే పక్కింటామె రోజూ ఇచ్చే రొట్టె మానేస్తుంది, కూతురు పంపే డబ్బు తగ్గుతుంది. మనం ఆపిన రోజు ఆ అవ్వకు అవేవీ ఉండవు. గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని ప్రభువే అడిగాడు (లూకా 14:28).

సంగటి_కట్టె
వంట సంగతి నేను చెప్తా. పిడికెడు బియ్యంలో అందరికంటే ముందు వచ్చే తంటా కలగలుపు. రేషన్ బియ్యం, సోనా మసూరి ఒకే డబ్బాలో పడితే ఒకటి పలుకుగా ఉండగానే ఇంకొకటి మెత్తబడిపోతుంది. రెండు డబ్బాలు పెట్టండి. రేషన్ బియ్యంలో కొన్ని గింజలు నీళ్లలో తేలితే ప్లాస్టిక్ బియ్యమని పారబోయొద్దు, అవి ఇనుము కలిపిన పోషకాల గింజలు.

అన్నం కంటే సంగటి మేలు. పళ్లు లేనివాళ్లు మింగగలరు, బియ్యమూ సగమే పడుతుంది. ఒక గ్లాసు బియ్యానికి ఐదు గ్లాసుల నీళ్లు. బాగా మెత్తబడ్డాక గ్లాసు రాగిపిండి మధ్యలో కుప్పగా పోసి, కలపకుండా మూతపెట్టి, సన్నసెగ మీద పది నిమిషాలు ఉంచాలి. పిండి తడిసి, కుప్ప మీద పగుళ్లు వచ్చి ఆవిరి పైకి తన్నాలి. అప్పుడు దించి, గిన్నెను రెండు కాళ్లతో అదిమిపట్టి కట్టెతో గట్టిగా గెలకాలి. తొందరపడి ముందే కలిపితే ఉండలు కడుతుంది, ఉండ లోపల పచ్చిపిండి ఉండిపోతుంది, ముసలివాళ్లకు కడుపునొప్పి.

పెళ్లిళ్ల గిన్నెలు చాలావరకు సత్తువి, అంటే అల్యూమినియంవి. చింతపండు చారు వాటిలో నిలవపెట్టొద్దు, స్టీలు క్యారియర్లలోకి మార్చండి. ఎండలు ముదిరాక పప్పు దించిన రెండు గంటల్లో ఇంటికి చేరాలి.

ఇల్లిల్లూ
మీరంతా తిండి లేదనుకుని మాట్లాడుతున్నారు. ఒకసారి ఇంటింటికీ పోయి అడగండి. 2024 జులై నుంచి వృద్ధాప్య పింఛను 4,000. రేషన్ బియ్యం మనిషికి ఐదు కిలోలు ఉచితం. చాలా ఇళ్లలో బియ్యం మూట మూలనే ఉంటుంది. లేనిది బిందె మోసే చెయ్యి, పొయ్యి రాజేసే చెయ్యి.

వేలిముద్ర ఇంకో బాధ. కూలిపనిలో గీతలు అరిగిపోయి మిషన్ పట్టదు. చేతులు కడిగి, తుడిచి, వేరే వేలు పెట్టించాలి. అదీ పడకపోతే కంటిపాపతో తీసుకోమని అడగాలి. పక్కన అడిగే మనిషి లేక అవ్వ ఖాళీ సంచితో వెనక్కి వస్తుంది. బీపీ మాత్రలూ అంతే. అట్ట అయిపోయిన రోజు కాదు, నాలుగు మాత్రలు మిగిలినప్పుడే ఆ అట్ట పట్టుకుని ఆసుపత్రికి పోవాలి.

15 ఇళ్లు, 11 మంది. మనిషికి ఒక ఇల్లు పంచుకున్నా నాలుగు ఇళ్లు మిగులుతాయి. దీనికి నిధి ఎందుకు?

పిడికెడు
అక్కా, ఈ మాట ఒప్పుకుంటా. కానీ వండుకోలేని వాళ్లు కొందరు ఉంటారు, వాళ్లకు పొయ్యి వెలగాల్సిందే. ఇంకొకటి, ఈ 11 మందీ మన సంఘంవాళ్లేనా?

ఇల్లిల్లూ
వాళ్లు మాత్రమే కాకూడదు. విశ్వాసులకు విశేషంగా అన్న మాటే పట్టుకుంటాం గానీ, అదే వచనంలో దానికి ముందు అందరికీ అని ఉంది (గలతీ 6:10). యెరూషలేంలో గ్రీకు భాష విధవరాండ్రను రోజువారీ పంపకంలో వదిలేస్తే, ఏడుగురిని పెట్టి సరిదిద్దారు (అపొ. కార్యములు 6). మన జాబితాలోనూ వీధి చివరి ఇల్లే తప్పిపోతుంది. గిన్నె చేతికివ్వడానికి ముందు ప్రార్థనకు కూర్చోబెట్టడం, ఫోటో తీయడం రెండూ వద్దు. ఆకలితో ఉన్న మనిషి కాదనలేడు.

లెక్కల_పుస్తకం
అయితే నా లెక్క మారుస్తున్నా. రోజూ కాదు, వారానికి రెండు రోజులు. డిసెంబరు నుంచి మార్చి దాకా 17 వారాలు, 34 పూటలు. అన్నమే వండినా 45 కిలోలు చాలు. ఈ బియ్యం మిగిలిన 15 ఇళ్ల మీద వేయొద్దు. సుగ్గికి పోయేవాళ్లు పోకముందు, నవంబరు నెలంతా 40 ఇళ్లూ రెండు పూటలా పిడికెడు తీస్తే 108 కిలోలు. పోయే ప్రతి ఇల్లూ అరకిలో కందిపప్పు ఇచ్చిపోతే పన్నెండున్నర కిలోలు, మనకు కావాల్సింది పదకొండు చిల్లర. మిగతా ఐదు రోజులు అక్క చెప్పినట్టు ఇల్లిల్లూ చూసుకోవాలి. అమ్మానాన్నల కోసం వాళ్ల బియ్యమే ముందు చేరుతుంది గనుక ఆగిపోదు.

సంగటి_కట్టె
నాలుగు నెలలు నిలవుంటే ముక్కపురుగు ఖాయం. డ్రమ్ములో పోసేముందు నీడన పరిచి బాగా ఆరబెట్టండి, ఎండలో వేస్తే గింజ పగిలి నూకవుతుంది. ఎండిన వేపాకు పొరలుగా వేసి మూత బిగించండి. గోదాముల్లో వాడే విషపు గుళికలు మాత్రం వద్దు, వాటి గాలి మనుషులను చంపుతుంది. మిగిలిన రేషన్ బియ్యం వేలం వేయడం కూడా కుదరదు, అమ్మితే నేరం.

ఆదోని_సంఘసేవ
ఆదివారం సంఘ పెద్దల ముందు ఈ లెక్కే పెడతాను. డ్రమ్ముకు రెండు తాళాలు, ఒకటి స్త్రీల సమాజం దగ్గర, ఒకటి కోశాధికారి దగ్గర. తూకం ఇద్దరి ఎదుటే. అంతకుముందు శుక్ర, శనివారాల్లో ఇల్లిల్లూ తిరిగి రాసుకోవాల్సింది మూడే: వండుకోగలరా, నీళ్లు ఎవరు తెస్తారు, మాత్రలు ఎన్ని రోజులకున్నాయి. వీధి చివరి నుంచి మొదలుపెడతాం.