మిలాన్‌లో మోడర్న్ ఇటాలియన్ రెస్టారెంట్: అది ఇటాలియన్ భోజనమేనా?

మాధవి_మిలాన్

అందరికీ నమస్కారం. మా అత్తయ్యగారు, మామయ్యగారు విజయవాడ నుంచి వచ్చారు. తిరిగి వెళ్ళేలోపు ఒక పూటైనా మంచి ఇటాలియన్ భోజనం పెట్టించాలని పోర్తా రొమానా వైపు ఈమధ్య బాగా పేరొచ్చిన ఒక రెస్టారెంట్‌లో టేబుల్ బుక్ చేశాం. టేస్టింగ్ మెనూ (షెఫ్ ఎంచిన వంటకాలు ఒక్కొక్కటిగా వరసగా వడ్డించేది) మనిషికి 95 యూరోలు. కోపెర్తో పేరుతో కూర్చున్నందుకు వేరే. టేబుల్ మీద ఒకరు ఆ మెనూ తీసుకుంటే అందరూ అదే తీసుకోవాలట.

ఎనిమిదేళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటున్నదాన్ని, రిసోత్తో అల్లా మిలనేజే, అంటే మిలాన్ పద్ధతిలో వెన్నతో జారుగా వండే అన్నం, ఎలా ఉంటుందో నాకు తెలుసు. కుంకుమపువ్వు, వెన్న, మూలుగ, పక్కన ఒస్సోబూకో (ఎముకతో సహా వండిన దూడ కాలి మాంసం). ఆ రాత్రి మెనూలో అదే పేరు రాసుంది. వచ్చింది మాత్రం చదునైన ప్లేటు మీద పలచగా పరిచిన పసుపు రంగు అన్నం, దాని మీద కాఫీ పొడి, ఓ మూల నిమ్మతొక్క జెల్లీ. మూలుగ లేదు, మాంసం లేదు. మామయ్యగారు ఇంకేమైనా వస్తుందేమోనని స్పూన్ పట్టుకుని చూస్తూ కూర్చున్నారు. ఆయన అలా కూర్చోవడం చూసి నాకు చాలా బాధేసింది.

నేననేది ఒకటే. ఊరి పేరు పెట్టి అమ్మే వంటకాన్ని ఆ ఊరివాళ్ళు గుర్తుపట్టగలగాలి. 2025 డిసెంబరులో ఢిల్లీలో జరిగిన యునెస్కో సమావేశంలో ఇటాలియన్ వంటకు వారసత్వ హోదా ఇచ్చారు. అది ఇళ్ళలో వండుకునే పద్ధతికీ, అందరూ కలిసి కూర్చుని తినే అలవాటుకీ ఇచ్చిన గౌరవం, షెఫ్‌ల ప్రయోగాలకు కాదు. మీరేమంటారు?

టొరీనో_శ్రీను

మాధవి గారూ, మామయ్యగారి విషయం చదివి నాకూ బాధగానే ఉంది. కానీ మీ వాదన మిలాన్ చరిత్ర ముందు నిలబడదు.

మీరు కూర్చున్నలాంటి రెస్టారెంట్లు పుట్టిందే మీ ఊళ్ళో. గ్వాల్తియెరో మార్కేజి అనే షెఫ్ 1977లో బొన్వెసిన్ దె లా రీవా వీధిలో రెస్టారెంట్ తెరిచాడు. ఇటలీలో మూడు మిషెలిన్ స్టార్లు (మిషెలిన్ గైడ్ రెస్టారెంట్లకు ఇచ్చే గుర్తింపు, మూడే అన్నిటికన్నా ఎక్కువ) మొదట తెచ్చుకున్నది ఆయనే. 1981లో ఆయన పెట్టిన "బియ్యం, బంగారం, కుంకుమపువ్వు" అనే వంటకం చూడండి. అదే మిలాన్ రిసోత్తో, పైన ఒక బంగారు రేకు. దాంట్లో మూలుగ లేదు. ఉల్లిపాయ ముక్క పంటికి తగలదు, ఎందుకంటే ఉల్లిపాయ రుచిని పులుపుతో కలిపి వెన్నలోకి ఎక్కించి, ఆ వెన్నను చివర్లో కలుపుతాడు. అప్పుడు కొందరు తిట్టారు. ఇవాళ అదే ఇటాలియన్ వంట చరిత్రలో పాఠం.

మూలుగ సంగతి కూడా చెప్పాలి. 1891 నుంచి అచ్చవుతూ వస్తున్న పెల్లెగ్రీనో ఆర్తూజి వంటల పుస్తకంలో మిలాన్ రిసోత్తో మూడు రకాలుగా ఉంది. మొదటి రకంలో మూలుగ లేదు, వైన్ కూడా లేదు. రెండోదాంట్లో రెండూ ఉన్నాయి. అది కడుపుకి బరువు, కానీ రుచి ఎక్కువ అని ఆయనే రాశాడు. అంత పాత పుస్తకంలోనే మూడు రకాలుంటే, మీరు తిన్నది నాలుగోది ఎందుకు కాకూడదు?

గోదారి_గట్టు

శ్రీను గారూ, నేనుండేది బొలోన్యాలో. ఇక్కడ తాల్యతెల్లె (రిబ్బన్‌లా కోసే పాస్తా) వెడల్పు ఉడికాక 8 మిల్లీమీటర్లుండాలని 1972లో ఛాంబర్ ఆఫ్ కామర్స్‌లో రిజిస్టర్ చేయించారు. మీకిది అతి అనిపించొచ్చు. ఇక్కడి ముసలమ్మలకు మాత్రం అది జీవితం. పీట మీద పిండి పరిచి, కర్రతో ఒత్తి, దీపానికి అడ్డం పెడితే వెలుతురు కనపడేంత పలచగా చేస్తారు. మా ఇంటి కింద ఉండే ఆవిడ డెబ్భై దాటినా ఆదివారం పొద్దున అదే పని.

అలాంటివాళ్ళకు కోపం రావడం న్యాయమే. పక్కనే మోదెనాలో మస్సిమో బొత్తూరా అనే షెఫ్ ప్లేటులో లెక్కపెట్టి ఆరంటే ఆరు తొర్తెల్లీనీలు (లోపల మాంసం కూరిన చిన్న పాస్తాలు) వరసగా పెట్టి వడ్డించినప్పుడు ఊరు ఊరంతా మండిపడింది. గిన్నెనిండా బ్రాత్‌లో (మాంసం ఉడికించిన నీళ్ళలో) తేలాల్సినవి అవి. 2015లో కార్లో క్రాక్కో అనే షెఫ్ టీవీలో అమత్రిచానాలో (అమత్రీచె ఊరి పేరుతో ఉన్న పాస్తా సాస్‌లో) వెల్లుల్లి వేస్తానంటే అమత్రీచె మున్సిపాలిటీ బహిరంగంగా అభ్యంతరం చెప్పింది. ఒక ఊరు తన వంట కోసం నోరు విప్పిందంటే ఆ వంట ఆ ఊరికి ఎంత ముఖ్యమో ఆలోచించండి.

కొత్తగా వండుకోండి, కొత్త పేరు పెట్టుకోండి. పాత పేరు ఎందుకు?

టొరీనో_శ్రీను

బొత్తూరా కథ సగంలో ఆపేశారు. ఆయన రెస్టారెంట్ ఒస్తెరియా ఫ్రాంచెస్కానాయే 2016లో, మళ్ళీ 2018లో ప్రపంచ ఉత్తమ రెస్టారెంట్ల జాబితాలో మొదటి స్థానానికి వచ్చింది. ఇక పాత పేర్లంటారా, 1954లో ఒక ఇటాలియన్ పత్రికలో వచ్చిన కార్బొనారా (గుడ్డుతో చేసే రోము పాస్తా) వంటకంలో గ్రూయేర్ చీజ్, వెల్లుల్లి ఉన్నాయి. ఇవాళ రోములో ఆ రెండూ వేసి కార్బొనారా అనండి చూద్దాం. పేరు అలాగే ఉంది, వంటే మారింది.

గోదారి_గట్టు

మారింది, ఒప్పుకుంటా. కానీ ఎందరో ఇళ్ళలో వండుకుంటూ మార్చారు. ఒక షెఫ్ ఒక్క రాత్రిలో మార్చి 95 యూరోలకు అమ్మలేదు. ప్రపంచంలో మొదటి స్థానం ఇచ్చేది బయటివాళ్ళు. ఊరివాళ్ళ నాలుకే నాకు లెక్క.

శాకాహారి_సునంద

మాధవీ, నేను మీ అత్తయ్యగారి వైపు నుంచి మాట్లాడతానమ్మా. ఆవిడ మాంసం తినరేమోనని నాకు అనిపిస్తోంది, ఎందుకంటే మీరు మామయ్యగారి గురించే రాశారు.

శాకాహారులకు పాత ట్రాటోరియాలో (ఇంటి తరహా వంట దొరికే చిన్న హోటల్లో) చాలా ఇబ్బంది. రిసోత్తో ఉడికించేది గొడ్డుమాంసం ఉడికించిన నీళ్ళలో. పైన తురిమే పార్మిజానో రెజ్జానో చీజ్‌కు పాలు విరగ్గొట్టేది దూడ కడుపులోంచి తీసిన రెనెట్‌తో. ఆ పేరు పెట్టుకోవాలంటే అదే వాడాలన్నది నియమం. గ్రానా పదానో కూడా అంతే. "మాంసం లేదు" అని వెయిటర్ చెప్పేది అబద్ధం కాదు, ఆయన లెక్కలో చీజ్ మాంసం కాదు. మనమే విడమర్చి అడగాలి.

నాకు కడుపునిండా, మనసులో ఏ అనుమానం లేకుండా తినే వీలు దొరికింది మోడర్న్ రెస్టారెంట్లలోనే. మిలాన్‌లోనే పియెత్రో లీమన్ 1989లో జోయా అనే శాకాహార రెస్టారెంట్ పెట్టాడు. 1996లో దానికి మిషెలిన్ స్టార్ వచ్చింది. ఆయనా మార్కేజి దగ్గర పనిచేసినవాడే. పాత వంటకాన్ని ముట్టుకోకూడదంటే మాలాంటివాళ్ళం ఈ దేశంలో సలాడ్ తిని లేవాలి. అందుకే మార్చడం తప్పని నేను అననమ్మా. టేబుల్ అంతా ఒకే మెనూ తీసుకోవాలనే నియమం మాత్రం నాకూ నచ్చదు. ఒక కుటుంబంలో నలుగురికి నాలుగు అలవాట్లుంటాయి.

వంటింటి_కుర్రాడు

మాధవి అక్కా, నేను ఇక్కడ చదువుకుంటూ సాయంత్రాలు ఒక రెస్టారెంట్ కిచెన్‌లో పనిచేస్తున్నా. రిసోత్తో పొయ్యి దగ్గరే నా డ్యూటీ. అందుకని కిచెన్ వైపు సంగతి చెప్తా.

రిసోత్తో పాతదా కొత్తదా అన్నది పైన చల్లిన దాన్ని బట్టి తేలదు. కార్నరోలి బియ్యాన్ని ముందు పొడిగా వేయిస్తాం. గింజ వేడెక్కి గిన్నెలో టకటకమని శబ్దం మారుతుంది, అప్పుడు వైన్. తర్వాత మరిగే బ్రాత్ గరిటెలు గరిటెలుగా. పదహారు, పద్దెనిమిది నిమిషాలు అక్కడినుంచి కదలకూడదు. దించాక అసలు పని. చల్లటి వెన్న ముక్కలు, గ్రానా వేసి, గిన్నెను ముందుకీ వెనక్కీ విసురుతూ గట్టిగా కలపాలి. వెన్న కరిగి నూనెలా తేలిపోకుండా గంజితో కలిసి చిక్కబడాలి. ప్లేటులో వేశాక కింద అరచేత్తో తడితే అల కదిలినట్టు కదిలి దానంతటదే పరుచుకోవాలి. మీకు పలచగా పరిచి ఇచ్చింది అందుకే అక్కా, తక్కువ పెట్టడానికి కాదు. మార్కేజి అలాగే వడ్డించేవాడు.

రద్దీ ఎక్కువుండే చోట్ల బియ్యాన్ని సగం ఉడికించి ట్రేలో ఆరబెడతారు, ఆర్డర్ రాగానే మిగతా సగం పూర్తిచేస్తారు. పాత ట్రాటోరియాల్లోనూ ఇది జరుగుతుంది, స్టార్లున్న చోటా జరుగుతుంది. అలాంటి రిసోత్తోలో మూలుగ వేసినా గింజ నడుమ పిండిపిండిగా తగులుతుంది. నా దృష్టిలో అదీ మోసం. కాఫీ పొడి కాదు.

మా షెఫ్ కొత్తవాడెవడొచ్చినా ముందు వట్టి కుంకుమపువ్వు రిసోత్తో చేయిస్తాడు. అది కుదిరితేనే మిగతా వంటలు ముట్టుకోనిస్తాడు. నాకు అది సరైన పద్ధతి అనిపిస్తుంది. మార్కేజి శిష్యుడు దవిదె ఓల్దాని 2003లో మిలాన్ శివార్లలో కొర్నరేదోలో డి'ఓ అనే రెస్టారెంట్ తెరిచాడు. ఆయనకు పేరు తెచ్చింది ఉల్లిపాయ. మామూలు ఉల్లిపాయను తీపిగా మగ్గబెట్టి గ్రానాతో వడ్డిస్తాడు. బంగారు రేకు కూడా అక్కర్లేదు, ఉల్లిపాయ మీద చెయ్యి కుదరాలి.

అందుకే గోదారి గట్టు అన్నా, మార్చొచ్చా లేదా అనే గొడవ నాకు ఎక్కదు. మార్చేవాడికి పాతది వండటం వచ్చా అని అడగాలి. అక్కా, ఆ రోజు గింజ ఎలా ఉంది? గుర్తుందా?

మాధవి_మిలాన్

గుర్తుంది తమ్ముడూ. గింజ బాగుంది. నడుమ కొంచెం గట్టిగా, చుట్టూ వెన్నలా. రుచి బాగాలేదని నేను ఎక్కడా అనలేదు.

సునంద గారూ, మీ ఊహ నిజమే. అత్తయ్యగారు శాకాహారి. బుకింగ్‌లోనే ఆ మాట రాశాం, ఆవిడకు మాంసం లేకుండా చేసి పెట్టారు కూడా. మూలుగ లేని ఆ రిసోత్తో ఆవిడ ఇష్టంగా తిన్నారు. చీజ్ సంగతి మాత్రం వాళ్ళూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఆవిడకు ఈ విషయం చెప్పాలో వద్దో తెలియక ఇప్పుడు టెన్షన్‌గా ఉంది.

కానీ పేరు దగ్గర నేను వెనక్కి తగ్గను. మార్కేజి తన వంటకానికి కొత్త పేరు పెట్టుకున్నాడని శ్రీను గారే రాశారు. బియ్యం, బంగారం, కుంకుమపువ్వు. ఏం తినబోతున్నామో అందులోనే ఉంది. ఆ మర్యాద మేం వెళ్ళిన చోట ఎందుకు లేదు? "కుంకుమపువ్వు, కాఫీ, నిమ్మతో రిసోత్తో" అని రాసి ఉంటే మామయ్యగారు ఒస్సోబూకో కోసం ఎదురుచూసేవారు కాదు. కాఫీ వేసిన అన్నం ఎలా ఉంటుందో అని ఆయనే సరదాపడేవారు.

టొరీనో_శ్రీను

ఈ మాట ఒప్పుకుంటున్నా. 2007లో మిలాన్ కార్పొరేషన్ ఈ రిసోత్తోను ఊరి వంటకంగా గుర్తించింది కాబట్టి ఆ పేరుకు కొంత బాధ్యత ఉంది. ఇటాలియన్ కాదు అన్నదాన్ని మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను.

శాకాహారి_సునంద

మాధవీ, అత్తయ్యగారికి చెప్పేయమ్మా. తెలియక తిన్నదానికి ఆవిడ నిన్ను ఏమీ అనరు. దాచితే రేపు ఇంకెవరో చెప్తారు. ఇకనుంచి బుక్ చేసేటప్పుడు మాంసం, చేప అని ఊరుకోకుండా బ్రాత్, రెనెట్ రెండూ విడిగా రాయి. నేను ముందురోజు ఫోన్ కూడా చేస్తాను. కిచెన్‌ని అడిగి చెప్తామంటే అక్కడికి వెళ్తాను, అన్నీ వెజిటేరియనే అని వెంటనే అనేస్తే వేరే చోటు చూసుకుంటాను.

వంటింటి_కుర్రాడు

సునంద గారు చెప్పింది మా కిచెన్‌కీ చాలా ఉపయోగం. ముందురోజు తెలిస్తే కూరగాయల బ్రాత్ వేరే గిన్నెలో పెడతాం. రాత్రి తొమ్మిదింటికి టేబుల్ దగ్గర చెప్తే అప్పటికప్పుడు బ్రాత్ ఎక్కడినుంచి తెస్తాం? మామయ్యగారిని ఈసారి మధ్యాహ్నం పూట తీసుకురండి అక్కా. చాలాచోట్ల లంచ్‌లో విడివిడిగా ఆర్డర్ ఇవ్వొచ్చు. ఆయనకు ఒస్సోబూకో, అత్తయ్యగారికి కూరగాయల బ్రాత్‌తో చేసిన, గ్రానా వేయని రిసోత్తో, ఒకే టేబుల్ మీద.